శాంతిరాజ్ సర్దార్, గురువారం కూటం

శాంతిరాజ్‌కు అనుమానమే ఉద్యోగం. ఎగతాళికి అంటున్న మాట కాదిది. గోదావరిఖని దగ్గరి ఒక భూగర్భ గనిలో ఆయన ఇరవై ఆరేళ్లు సర్దార్‌గా పనిచేశాడు. షిఫ్టు మొదలు కాకముందే అందరికంటే ముందు పనిచోటికి వెళ్లి, చేతికర్రతో పైకప్పును తట్టి, మోత విని, కింద మనుషులు నిలబడవచ్చో లేదో చెప్పడం సర్దార్ పని. గట్టి రాయి కంగుమంటుంది. లోపల పొర విడిపోయిన రాయి డొల్లగా మోగుతుంది. ఆ తేడా చెవికెక్కనివాడు ఆ కర్ర పట్టకూడదు.

తొంభై మూడులో ఒక పొద్దున, కప్పు బాగానే ఉందని పైఅధికారి చెబుతున్నా వినకుండా, పదకొండు మందిని ఆయన లోపలికి పోనివ్వలేదు. "మోత బాగలేదు సార్" అని ఒకటే మాట. అధికారి తిట్టాడు. జట్టువాళ్లు మూతులు తిప్పుకుని నవ్వారు. గంట తిరగకముందే ఆ చోటంతా కూలిపోయింది. దుమ్ము అణగాక ఆ పదకొండు మందిలో ఒకడైన ఎల్లేశం, బొగ్గు టబ్బులు నెట్టే మనిషి, వచ్చి ఆయన మోకాళ్లు పట్టుకున్నాడు. అప్పటినుంచి వాళ్లిద్దరూ ఒకే టిఫిన్ మూతలో కూర కలుపుకుని తినేవారు. మళ్లీ ఎవరూ శాంతిరాజ్‌ను చూసి నవ్వలేదు. ఇది దేవుడు తనకిచ్చిన వరమని ఆయన గట్టిగా నమ్మాడు.

చిక్కెక్కడ వచ్చిందంటే, గని బయటికి వచ్చాక కూడా ఆయన ఆ కర్ర దించలేదు. ఎవరైనా ఊరికే నవ్వితే ఎందుకు నవ్వాడో తేలేదాకా నిద్రపట్టదు. ఊరికే సాయం చేస్తే మరీ కష్టం. భార్య ఎలిజబెత్‌కు ఆయన ప్రశ్నలకు జవాబు చెప్పకుండా పని చేసుకుపోవడం పెళ్లయిన రెండో ఏటికే అలవాటైంది.

సెంటినరీ కాలనీ క్వార్టర్ల వెనక రోడ్డు మీద వాళ్ల చర్చి ఉంది. రేకుల కప్పు, పక్కనే ఒక చిన్న గది, ముందు సిమెంటు అరుగు. సంఘంలో అరవై కుటుంబాలు. ఎక్కువమంది గని కార్మికులు, కొద్దిమంది క్లర్కులు, టీచర్లు, పింఛనుదార్లు. కమిటీకి తొమ్మిదేళ్లుగా శాంతిరాజే కార్యదర్శి. తాళాలన్నీ ఆయన నడుముకే ఉండేవి. ఆదివారం బడి ఎలిజబెత్ నడిపేది.

2008 జూన్‌లో ఆ సంఘానికి కొత్త పాస్టరు వచ్చింది. పేరు కెరోలిన్. వయసు నలభైకి దగ్గర, పెళ్లి కాలేదు, బెంగుళూరులో వేదాంతం చదివింది. ఆడమనిషి ప్రసంగపీఠం ఎక్కడం ఆ సంఘం అంతవరకు చూడలేదు. అంతవరకు పాస్టరంటే అయ్యగారు, ఆయన భార్య అమ్మగారు; ఈమెను ఏమని పిలవాలన్నదే మొదటి సమస్య అయింది.

"అయ్యగారు అందామంటె ఆడమనిషివైతివి. అమ్మగారు అందామంటె అయ్యగారు ఏడి?" అంది సమ్మవ్వ. ఆమె ముసలితనంలో బాప్తిస్మం తీసుకున్న మనిషి. ఏది తోస్తే అది మొహం మీదే అడుగుతుంది.

"కెరోలిన్ అని పిలువు అవ్వా."

"పేరువెట్టి పిల్వనీకి నాకు నోరు రాదు బిడ్డా."

చివరికి పాస్టరమ్మ అన్న మాట స్థిరపడింది. శాంతిరాజ్ మాత్రం ఎదురుగా అమ్మగారూ అనే పిలిచేవాడు.

శాంతిరాజ్‌ను పట్టుకున్నది అది కాదు. ఆమె ఈ చోటు కావాలని అడిగి మరీ వచ్చిందని పట్నంలోని సంఘాల పెద్దాఫీసు గుమస్తా ఆయన చెవిలో వేశాడు. కాలనీ మూలన బుచ్చన్న హోటల్లో చాయ్ తాగుతూ ఆయన ఆ సంగతే తవ్వాడు.

"అడిగి ఈడికి ఎవరన్న వస్తరా బుచ్చన్నా? ఎండకాలం నలభై ఎనిమిది డిగ్రీలు. ఆరేసిన బట్ట మీద మసి."

"అక్కడేమన్న గడ్‌బడ్ చేసి వచ్చిందేమో సర్దార్" అన్నాడు బుచ్చన్న, గ్లాసు కడుగుతూ. ఆయనకు ఆ మనిషి ఎవరో కూడా తెలియదు. అయినా ఆ మాట శాంతిరాజ్ మనసులో దిగబడింది.

కెరోలిన్ వచ్చాక ప్రసంగం అయిన తర్వాత పది నిమిషాలు ఎవరైనా లేచి ప్రశ్న అడగవచ్చన్న పద్ధతి పెట్టింది. మొదట ఎవరూ లేవలేదు. మూడో ఆదివారం సమ్మవ్వ లేచింది.

"మా అవ్వ పోచమ్మను మొక్కుకుంటనే పోయింది. యేసు ప్రభువు పేరు గూడ ఆమెకు తెల్వది. ఆమె ఇప్పుడు ఏడున్నది?"

పాత అయ్యగార్లయితే దీనికి వచనాలు చదివేవారు. కెరోలిన్ "నాకు తెల్వది అవ్వా" అంది. "దేవుడు నాకంటె మంచోడని మాత్రం తెలుసు. నేనైతె మీ అవ్వను బయట నిలవెట్టను. ఆయనెట్ల నిలవెడ్తడు?"

సమ్మవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ కూర్చుంది. శాంతిరాజ్‌కు మాత్రం ఒళ్లు మండింది. గనిలో ఏ సర్దారైనా నాకు తెలియదు అంటే మనుషులు చస్తారు. ప్రసంగపీఠం మీద అంటే ఆత్మలు చావవా?

ఆ ఏడు బతుకమ్మ పండుగకు పక్క క్వార్టర్ల లైను ఆడవాళ్లు ఆడుతుంటే కెరోలిన్ పోయి నిలబడింది. వాళ్లు ప్రసాదంగా మలీద ముద్ద చేతిలో పెడితే తిన్నది. కమిటీలో గొడవ లేచింది. "ప్రేమతోటి పెట్టిన్రు, తిన్న" అంది ఆమె. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ చెప్పలేదు. ఆమె నచ్చినవాళ్లూ పెరిగారు, నచ్చనివాళ్లూ పెరిగారు. కుర్రకారు, చదువుకున్న ఆడపిల్లలు ఆదివారం తప్పకుండా వస్తున్నారు. ప్రేమవిందు రోజు బాప్తిస్మం లేనివాళ్లూ పంక్తిలో కూర్చుంటున్నారు. శాంతిరాజ్ ఏదీ పైకి అనలేదు. తట్టి చూస్తూ ఉన్నాడు.

2009 జూలైలో ఒక రోజు కెరోలిన్ ఆయనను పక్కగది తాళంచెవి అడిగింది.

"ఎప్పటికి గావాలె అమ్మగారూ? నేనే వచ్చి తీస్త."

"లేదన్నా. అది నా దగ్గరనే ఉంచుకుంట."

తొమ్మిదేళ్లలో ఆయన గుత్తి నుంచి తాళంచెవి ఊడదీసి ఇచ్చింది అదే మొదలు. వేలికి ఇనుప రింగు గీసుకుంది. ఆ గీత మానినా ఆ సంగతి మానలేదు.

ఆ నెలలోనే గురువారం సాయంత్రాలు ఆ గదిలో ఏదో కూటం మొదలైంది. కిటికీకి తెర పడింది. మొదటి షిఫ్టు దిగి ఇంటికి వచ్చేటప్పుడు శాంతిరాజ్ నీళ్ల ట్యాంకు పక్కన స్కూటరు ఆపుకుని చూడసాగాడు. అరుగు కింద చెప్పులు లెక్కపెట్టేవాడు. ఒక వారం తొమ్మిది జతలు. ఇంకో వారం పద్నాలుగు. లోపలికి పోయేవాళ్లలో సగంమంది సంఘం వాళ్లు కాదు. ఒక బురఖా ఆమె. తువ్వాలు ముఖానికి చుట్టుకుని వచ్చే ఒక మగమనిషి. చంటిపిల్లతో ఒక ఆమె. నెలకోసారి ఒక జీపు వచ్చి అట్టపెట్టె దించి పోతుంది. అన్నిటికంటే ఆయనకు మింగుడుపడనిది, లోపలినుంచి పాట వినబడదు. పాట లేని క్రైస్తవ కూటం ఆయన పుట్టి ఎరగడు. ఒకసారి ఎవరో గట్టిగా నవ్వారు. ఇంకోసారి ఎవరో చాలాసేపు ఏడ్చారు.

ఉండబట్టలేక ఆదివారం ఆరాధన అయ్యాక అడిగాడు. "గురువారం ఏం కూటం అమ్మగారూ?"

"కూసుంటరు, మాట్లాడుకుంటరు."

"ప్రార్థన చేస్తరా?"

"కావాలన్నోళ్లకు చేస్త."

"పేర్లు రిజిస్టర్ల రాస్తున్నరా?"

"రాస్తలేను అన్నా."

"కమిటీకి తెలియాలె గదా."

"వాళ్లు చెప్పుమంటె చెప్త. ఇప్పుడైతె చెప్పొద్దన్నరు."

ఆయన కళ్లు తిప్పకుండా ఆమె ముఖమే చూశాడు. ఆమె కూడా తిప్పలేదు. దాచేవాళ్లు చూపు దించుకుంటారని ఆయన అనుభవం. దించకుండా దాచేవాళ్లు ఇంకా ప్రమాదం అనుకున్నాడు.

బుచ్చన్న హోటల్లో ఈసారి మాట ముదిరింది. "కొత్త మొఖాలు, జీపు, పేర్లు రాయరు. అన్నల మనుషులు గాదు గదా?" అన్నాడు బుచ్చన్న గొంతు తగ్గించి. బొగ్గు ప్రాంతంలో నక్సలైట్లన్న ఆ మాటకు ఎంత బరువుందో శాంతిరాజ్‌కు తెలుసు. ఎవడో పేరు లేకుండా అన్న ఒక్క ముక్కకు మనుషులు పోలీసు జీపెక్కిన రోజులు ఆయన చూశాడు. తెలిసి కూడా ఆ మాటను కాదనలేదు. చాయ్ తాగి లేచాడు.

డిసెంబరులో ఆయన పెద్దాఫీసుకు ఆకాశరామన్న ఉత్తరం రాశాడు. ఎలిజబెత్ క్రిస్మస్ పాటలు నేర్పడానికి పోయిన మధ్యాహ్నం తలుపు వేసుకుని, అక్షరాలు మార్చి, ఎడంపక్కకు వాల్చి రాశాడు. కాలనీ డబ్బాలో వేయకుండా గోదావరిఖని బస్టాండు దాకా పోయి వేసి వచ్చాడు. చర్చి గదిలో రహస్య కూటాలు జరుగుతున్నాయని, వచ్చేవాళ్లు ఏ మతంవాళ్లో ఏ పార్టీవాళ్లో తెలియదని, పాట లేదు, ప్రార్థన లేదు, పేర్లు లేవని రాశాడు. సంఘ క్షేమం కోరి రాస్తున్నానని ముగించాడు. ఆ రాత్రి ఆయనకు మంచి నిద్ర పట్టింది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం పెద్దాఫీసు నుంచి ఇద్దరు పెద్దలు విచారణకు వచ్చారు. ఆరాధన అయ్యాక ఎవరినీ లేవవద్దని, వాళ్లలో పెద్దాయన ఉత్తరం తీసి చదివాడు. శాంతిరాజ్ ముందు వరుసలో, కార్యదర్శి కుర్చీలో కూర్చుని కొత్తగా వింటున్నవాడిలా మొహం పెట్టాడు. చివరి పేరా దాకా బాగానే నడిచింది.

"కింద నుండి చూచిన యెడల కప్పు బాగుగానే యున్నది గాని, కర్రతో తట్టి చూచిన డొల్ల మోత వచ్చుచున్నది. కావున మనుషులను ముందుగా బయటికి తీయవలెను."

ఆ అరవై కుటుంబాల్లో ఎక్కువవి గని కుటుంబాలే. చేతిరాత మార్చాలని గుర్తుపెట్టుకున్న మనిషి మాట మార్చడం మరిచిపోయాడు. వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేదు. అయినా వీపు మీద చూపులు తెలిశాయి.

"గురువారం వచ్చేవాళ్లెవరు?" అని పెద్దాయన కెరోలిన్‌ను అడిగాడు.

"జబ్బు మనుషులు. అంతవరకే చెప్పగలను అయ్యగారూ."

"ఏం జబ్బు?"

"వాళ్లు చెప్పుకోవాలె. నేను చెప్పొద్దు."

"పేర్లు?"

"చెప్పను."

"చెప్పకపోతే రహస్య కూటమనే రాసుకుంటాం. గది మూస్తాం. మీ సంగతి పై కమిటీ చూస్తుంది."

"రాసుకోండ్రి" అంది కెరోలిన్. చేతులు కట్టుకునే నిలబడింది.

అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి ఎవరో లేచిన చప్పుడైంది. "పేరు గావాల్నంటె నాది రాసుకోండ్రి. ఎలిజబెత్. మొదటి గురువారం నుంచి నేను పోతున్న."

ఏ జబ్బో, ఎందుకు పోతున్నదో చెప్పలేదు. లేచినంత నెమ్మదిగానే కూర్చుంది. శాంతిరాజ్ తొమ్మిది జతలు, పద్నాలుగు జతలు లెక్కపెట్టాడు. ఆయన రాకముందే లోపలికి పోయిన తన ఇంటి జత వాటిలో ఉందని చూడలేదు.

సాయంత్రానికి కాలనీకి మిగతాది తెలిసింది. ఆ జీపు మీద ఎర్ర రిబ్బను బొమ్మ ఉంటుందని ఒకరు గుర్తుచేశారు. అంటే ఎయిడ్స్ మందుల జీపు. సర్దార్ భార్యకు ఎయిడ్స్ అట. ఆమెకు ఎట్లా వస్తుంది, ఆయనకు ఉంటేనే కదా. ఇరవై ఏళ్లుగా అందరినీ తట్టి చూసిన మనిషి మీద ఇప్పుడు అందరి కర్రలూ పడ్డాయి.

ఇంటికి వచ్చి ఆయన తలుపు వేశాడు. "నీకేమైంది ఎలిజా?"

ఆమె బియ్యం కడుగుతూ ఉంది. "ఆ ఉత్తరం నువ్వే రాసినవా?"

"నేనడిగిందానికి చెప్పు."

"నువ్వు ముందు చెప్పు."

ఆయన చెప్పలేదు. ఆమె కూడా చెప్పలేదు. అన్నం ఉడికింది. ఇద్దరూ చెరో మూల తిన్నారు. ఆ వారంలో ఆయన బుద్ధి పోని చోటు లేదు. ఆమె నిరుడు దవాఖానకు ఎవరికో తోడు పోయింది. అక్కడేమైనా సూది కుచ్చుకుందా? లేక తనకే ఉండి ఆమెకు అంటిందా? పెళ్లికి ముందు చంద్రాపూర్ గనిలో పనిచేసిన రోజుల్లో ఒక తప్పు చేశాడు. ఆ సంగతి దేవుడికి తప్ప ఎవరికీ చెప్పలేదు. ముప్పై ఏళ్ల కిందటి ఆ తప్పు లేచి వచ్చి ఆయన మంచం మీద కూర్చుంది.

మరుసటి ఆదివారం ప్రభువు బల్ల, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే రోజు. వాళ్ల సంఘంలో అందరికీ ఒకటే గిన్నె. అప్పటిదాకా వరుసలు తోసుకుని పోయేవాళ్లు ఆ రోజు కదల్లేదు. ఎలిజబెత్ లేచి ఒక్కతే పోయి మోకరించింది. కెరోలిన్ రొట్టె ఇచ్చింది, గిన్నె అందించింది. ఆమె తాగింది. పక్కన చోటు ఖాళీ. శాంతిరాజ్ లేవాలనుకున్నాడు. లేవలేదు. ముందు వరుసలో, బల్లకు నాలుగడుగుల దూరంలో కూర్చుని, భార్య పెదవి తాకిన గిన్నె అంచునే చూస్తూ ఉండిపోయాడు.

వెనకనుంచి సమ్మవ్వ మోకాళ్ల నొప్పితో మూలుగుతూ వచ్చి ఎలిజబెత్ పక్కన కూలబడింది. "నాకియ్యి బిడ్డా" అని గిన్నె అందుకుంది. తర్వాత ఇంకో ఏడెనిమిది మంది వచ్చారు. మిగతావాళ్లు రాలేదు. వచ్చే వారం నుంచి ఆదివారం బడికి పిల్లలను పంపడం మానేశారు. ఎలిజబెత్ ఖాళీ చాపల ముందు అరగంట కూర్చుని తిరిగి వచ్చేది.

ప్రభువు బల్ల అయిన మర్నాడే, సోమవారం, శాంతిరాజ్ సెలవు పెట్టి, తెలిసినవాళ్లు తగలకుండా కరీంనగర్ బస్సెక్కాడు. సర్కారు దవాఖానలో రక్తపరీక్ష గది ముందు బల్ల మీద రుమాలు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. వచ్చేపోయే ప్రతివాడూ తననే చూస్తున్నట్టు ఉంది. పక్కగదిలోనుంచి మందుల సంచితో ఒక మనిషి బయటికి వచ్చాడు. ముఖానికి తువ్వాలు. నడకను బట్టి శాంతిరాజ్ గుర్తుపట్టాడు. నీళ్ల ట్యాంకు పక్కనుంచి చూసిన ఆ తువ్వాలే. ఈ నడక మాత్రం గనిలో పదిహేడేళ్లుగా చూస్తున్నది.

"ఎల్లేశం."

ఎల్లేశం ఆగిపోయాడు. తర్వాత వచ్చి పక్కన కూర్చున్నాడు.

"సర్దార్, నువ్వు గూడనా?"

"తెల్వది. ఇప్పుడే రక్తమిచ్చిన."

"ఫికర్ జెయ్యకు. మందులున్నయి. మంచిగ పనిజేస్తున్నయి. నేను మూడేండ్లాయె." ఎల్లేశం సంచిని ఒళ్లోకి జరుపుకున్నాడు. "నీకు చెప్పాల్ననుకున్న. కూర మూత ఎన్కకు గుంజుకుంటవని చెప్పలే."

శాంతిరాజ్ ముఖానికి అడ్డం పెట్టుకున్న రుమాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"గురువారం పాస్టరమ్మ తానికి పోతున్న. దేవుని మాట వద్దంటె తియ్యది. నేను మల్లన్నకు మొక్కేటోన్ని, ఆమెకు తెలుసు. గా గంటసేపు తువ్వాల తీసి కూసుంట. మీ ఎలిజబెత్ అక్క గుడ్లు ఉడకవెట్టి తెస్తది. ఆమె లేకుంటె అనసూర్య ఎప్పుడో సచ్చిపోయేది."

అనసూర్య వాళ్ల లైనులోనే చివరి క్వార్టరులో ఉండే ఆమె. భర్త పోయాక ఆయన బదులు కంపెనీ ఆఫీసులో స్వీపరుగా చేరింది. నిరుడు ఎలిజబెత్ దవాఖానకు తోడు పోయింది ఆమెకే. భర్త ఆమెకు ఉద్యోగంతోపాటు జబ్బును కూడా ఇచ్చి పోయాడు. ఆమెను తీసుకుని ఎలిజబెత్ కెరోలిన్ దగ్గరికి వెళ్లింది. అట్లా మొదలైంది గురువారం కూటం. పాస్టరమ్మది కాదు, తన భార్యది.

శాంతిరాజ్ రక్తంలో ఏమీ లేదని కాగితం వచ్చింది. ఆ కాగితం చూసుకుని ఆయన సంతోషపడలేకపోయాడు. బస్సులో కరీంనగర్ నుంచి కాలనీ దాకా ఎల్లేశం పక్కనే కూర్చుని వచ్చాడు.

ఇంట్లో అడుగుపెట్టగానే, "ఉత్తరం నేనే రాసిన" అన్నాడు.

"ఎరుకే" అంది ఎలిజబెత్. "చదువుతుంటెనే ఎరుకైంది."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తె అనసూర్య ఇంట్ల నీళ్లు తాగుతుంటివా? మీద నుంచి ఆమె ఎవలతోటి తిరిగిందని లెక్కలు దీస్తుంటివి." ఆమె గొంతులో కోపం లేదు. అది ఆయనకు ఇంకా బరువనిపించింది. "ముప్పై ఏండ్లు నీ ఎంబడి ఉన్న. నిన్ను నమ్మి ఒక మనిషి ప్రాణం చేతిల వెట్టబుద్ధి గాలే."

ఆ వచ్చే ఆదివారం ప్రశ్నల సమయంలో శాంతిరాజ్ లేచాడు. కుర్చీ దగ్గర కాదు, నడిమి దారిలోకి వచ్చి నిలబడ్డాడు.

"పెద్దాఫీసుకు పోయిన ఉత్తరం నాది. పేరు వెట్టలే. పేరు వెట్టనోడు ఏదన్న రాయొచ్చు. గురువారం కూసునేటోళ్లు ఎవరో ఇప్పుడు నాకు తెలుసు. చెప్పను. నా భార్యకు జబ్బున్నదా లేదా అని మీరు అడుగుతున్నరు. అదీ చెప్పను. ఉన్నా లేకున్నా పోయినవారం నేను బల్ల దగ్గరికి పోకపోవుడు తప్పు. పెద్దాఫీసుకు ఇంకో ఉత్తరం రాసిన. దాని కింద సంతకం ఉన్నది."

ఎవరూ ఆమెన్ అనలేదు. ఆరాధన ముగిశాక కెరోలిన్ ఆయనను అరుగు మీద ఆపింది. మన్నించానని చెబుతుందేమో, చెబితే దాని వెనక ఏముందో అని ఆయనకు పాత గుబులు లేచింది.

"అన్నా, తాళంచెవి మిమ్మల్ని అడిగిన రోజే మీ మీద నాకు అనుమానం. ఈయన చూస్తడు, ముచ్చట బయటికి మోస్తడు అనుకున్న. మిమ్మల్ని కూసోవెట్టి ఒక్క మాట చెప్పి చూడాల్సింది. చూడలే. అది నా తప్పు."

"చెప్పినా రాసేటోన్నేమో అమ్మగారూ."

"రాసేటోళ్లేమో" అంది ఆమె, కాదనకుండా.

విచారణ ఆగిపోయింది. కెరోలిన్ ఉండిపోయింది. కానీ పద్నాలుగు కుటుంబాలు మెయిన్ రోడ్డు మీది ఇంకో సంఘానికి వెళ్లిపోయాయి. వాళ్లలో కొందరు ఇప్పటికీ ఆ గిన్నె గురించి చెబుతారు. శాంతిరాజ్‌ను కార్యదర్శి పదవి నుంచి తీసేశారు. ఓట్లు వేసినవాళ్లలో ఎలిజబెత్ కూడా తీసేయాలనే చెయ్యెత్తింది. ఆదివారం బడి నలుగురు పిల్లలతో మళ్లీ మొదలైంది.

ఆయన ఒక గురువారం ఆ గదికి వెళ్లాడు. గుమ్మంలో అనసూర్య అడ్డం నిలబడింది. బక్కపలచని మనిషి, కళ్లు మాత్రం నిప్పుల్లా ఉన్నాయి.

"బయట నిలవడి మమ్ముల లెక్కవెట్టిన మనిషిని లోపట ఎట్ల కూసోవెడ్తరు?"

శాంతిరాజ్ కెరోలిన్ వైపు చూశాడు. "వాళ్ల కూటం అన్నా. వాళ్లు రమ్మంటెనే" అంది ఆమె. లోపల ఎల్లేశం కూడా తల దించుకున్నాడు. దవాఖాన బల్ల మీద పక్కన కూర్చోవడం వేరు, ఇది వేరు. శాంతిరాజ్ తిరిగి వచ్చాడు.

గనిలో ఎల్లేశం సంగతి ఆ ఏడాది చివర ఎట్లాగో బయటపడింది. జట్టువాళ్లు నీళ్ల సీసాలు వేరు పెట్టుకున్నారు. భోజనం వేళ ఎల్లేశం దూరంగా టింబరు దుంగ మీద కూర్చున్నాడు. శాంతిరాజ్ డబ్బా తీసుకుని పోయి, ఎప్పటిలాగే మూతలో కూర కలిపి, ఎల్లేశం సీసా ఎత్తి నీళ్లు తాగాడు. ఎవరికీ ఏమీ చెప్పలేదు. వారం రోజులకు ఇంకొకడు వచ్చి కూర్చున్నాడు. మిగతావాళ్లు రాలేదు. ఇందులో అబద్ధం ఆడడానికి లేదు.

2011లో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. గనులు ఆగాయి, జీతాలు ఆగాయి. కాలనీ మొత్తానికి కలిపి వండాలని కెరోలిన్, చుట్టుపక్కల లైన్ల ఆడవాళ్లు అనుకున్నారు. చర్చి ముందు పొయ్యిల మీద పెద్ద గంజులు ఎక్కాయి. పప్పు కలిపేది అనసూర్య. అది తెలిసి కొందరు పళ్లెం పట్టుకుని వచ్చి తిరిగిపోయారు. శాంతిరాజ్ పంక్తిలో కూర్చున్నాడు. ఆమె ఆయన ముందుకు వచ్చి గరిటె ఎత్తి ఆగింది. ఇతను నిజంగా తింటాడా, లేక అందరూ చూస్తున్నారని తింటున్నాడా అని చూస్తోంది. ఆ చూపు ఆయనకు కొత్త కాదు. తనదే.

ఆయన తిన్నాడు. "ఇంకింత పొయ్యి" అని పళ్లెం చాచాడు. ఆమె పోసింది. ముఖంలో ఏమీ మారలేదు.

సమ్మె ముగిసిన మూడో వారం ఎలిజబెత్ కబురు తెచ్చింది. "గురువారం రమ్మన్నరు. అనసూర్య ఇంక గూడ వద్దంటున్నది. ఎల్లేశం బతిమిలాడిండు."

ఆయన వెళ్లి తలుపు పక్కనే కూర్చున్నాడు. పదిమంది ఉన్నారు. ఆ రోజు ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. బియ్యం, చలి, బస్సు టైములు. అనసూర్య తన మందుల గురించి ఒక్క ముక్క ఎత్తలేదు. చాలా నెలలు ఆయన ముందు ఆమె అట్లాగే ఉంది. ఆయన కూడా ఏమీ అడగలేదు. అడగకుండా కూర్చోవడం ఆయనకు గనిలో ఏ పనికన్నా కష్టమైంది. ఒక్కో గురువారం చెమట పట్టేది.

మరుసటి ఏడు ఆయన రిటైరయ్యాడు. ఆ తర్వాత ఒక వానాకాలం గురువారం, చాయ్ గ్లాసులు అందిస్తూ, అనసూర్య ఆయన వైపు చూడకుండానే, భర్త చివరి నెలల్లో తనను ఏమేమి అన్నాడో చెప్పడం మొదలుపెట్టింది. మధ్యలో ఆగి, "సర్దార్, ఇది గీ గది దాటి పోతె నేను నీ ఇంటికొచ్చి అడుగుత" అంది.

"రా" అన్నాడు శాంతిరాజ్.

ఆమె ఆయనను కాసేపు చూసింది. పూర్తిగా నమ్మినట్టు లేదు. అయినా మాట మాత్రం ఆపలేదు, మిగిలింది కూడా చెప్పింది. రాష్ట్రం వచ్చిన ఏడాది కెరోలిన్‌కు వేరే ఊరికి బదిలీ అయింది. కొత్త పాస్టరు వచ్చేలోపు మూడు నెలలు ఆ కూటాన్ని అనసూర్యే నడిపింది.